శని దగ్గర దొరికిన ఎలక్ట్రాన్లు

ఇది ఒక మహాయుద్ధ గాథ. నూట నలభై కోట్ల కిలోమీటర్ల అవతల, ఉంగరాలు తొడుక్కున్న ఒక గ్రహం చుట్టూ జరిగింది. అక్కడ కంటికి కనిపించని అయస్కాంత క్షేత్రం కొరడాలా తిరుగుతూ కోటానుకోట్ల ఎలక్ట్రాన్లను తరిమి తరిమి కొడుతుంది. ఆ గుంపులోంచి ఒక వ్యోమనౌక ఏళ్ళ తరబడి ఒంటరిగా దూసుకుపోయింది. ఎదురొచ్చిన ప్రతి దెబ్బనూ లెక్క రాసుకుంది. చివరికి తాను కొలిచిన గ్రహం మీదే పడి ముక్కలై కాలిపోయింది. ఇందులో నెత్తురుంది, ద్రోహముంది, ఆయుధాలున్నాయి.

ఉన్నాయి గానీ, ఇది ఇతిహాసమేమీ కాదు. కరీంనగర్‌లో మా ఎం.ఎస్సీ. ఫిజిక్స్ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు. నెత్తురు నా నోట్లోంచి వచ్చింది. ఆయుధం ల్యాబ్ స్టూలు. ద్రోహం ఎవరు చేశారన్నది ఇంకా తేలలేదు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది గోదావరి ఒడ్డు బొగ్గు గనుల కాలనీ. రోజూ మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్‌లో, అంటే పైనుంచి తవ్వే గనిలో, పేలుళ్ళుంటాయి. మొదట సైరన్ మోగుతుంది. తర్వాత ఎవరో కిందినుంచి కాలితో తన్నినట్టు నేల ఒక్కసారి ఎగురుతుంది. కిటికీలు పళ్ళు కొరుకుతాయి, గూట్లో గిన్నెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, కోళ్ళు అరుస్తాయి, ఆ పైన అందరం మళ్ళీ అన్నం కలుపుకుంటాం. గోడల్లో పగుళ్ళు వస్తే మేం వాటిమీద క్యాలెండర్ తగిలిస్తాం. పగులు పెరిగితే ఇంకాస్త పెద్ద క్యాలెండర్ తెచ్చుకుంటాం. ఫిర్యాదు చేసే హక్కు మాకు లేదు, ఎందుకంటే పేల్చేది మా బాపే, అంటే మా నాన్నే. ఆయన షాట్‌ఫైరర్. రాతిలో రంధ్రాలు కొట్టించి, మందు కూరి, తీగ కలిపి, మీట నొక్కడం ఆయన ఉద్యోగం. ఇంట్లో మాత్రం గట్టిగా తుమ్మడు కూడా.

ఇంట్లో కొట్టే పని మా కాకది. కాక అంటే బాపు సొంత తమ్ముడు. నెలకు ఒకటో రెండో ఆదివారాలు వచ్చి బాపును కొట్టి వెళ్తాడు. దీన్ని గొడవ అనలేం, గొడవకు ఇద్దరు కావాలి. బాపు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. కాకకు ఎడమ కన్ను లేదు, కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. నా చిన్నప్పుడు, బాపు ఇంకా భూమిలోపలి గనిలో పనిచేసే రోజుల్లో, బాపు పేల్చిన చోటే బొగ్గు ఎత్తడానికి పోయి పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత కాకను పైన ల్యాంప్ రూంలో వేశారు. గనిలోకి దిగేవాళ్ళకు టోపీ దీపాలు ఇవ్వడం, ఎక్కి వచ్చాక తీసుకోవడం. వెలుతురు పంచే పని ఒంటికన్ను మనిషికి ఇచ్చిన ఆఫీసరుకు హాస్యం ఎక్కువో, అసలు లేదో నాకు తెలియదు.

కాక వచ్చే అలికిడికి మా అవ్వ, అంటే అమ్మ, మొదట టీవీ పక్కనుండే గాజు నెమలిని తీసి అల్మారాలో పెడుతుంది. తర్వాత ప్లాస్టిక్ కుర్చీలు బయట వేస్తుంది. ఆ తర్వాత పచ్చిపులుసులో ఉల్లిగడ్డ కోయడానికి కూర్చుంటుంది. కొట్టడం అయ్యాక కాకకు ఆకలేస్తుందని ఆమెకు తెలుసు. బయటివాళ్ళు చూస్తే మా ఇంట్లో ఘోరం జరుగుతోందని అనుకుంటారు. లోపలివాళ్ళం మాత్రం పులుసులో ఉప్పు సరిపోయిందా అని చూసుకుంటాం.

ఇక కాలేజీ. మా గైడ్ మేడం ఆ వ్యోమనౌక పంపిన కొలతల్లో కొన్నింటిని మాకు ప్రాజెక్టుగా ఇచ్చారు. శని చుట్టూ ప్లాస్మా ఉంటుంది, అంటే విడిపోయిన ఎలక్ట్రాన్లూ అయాన్లూ కలిసి తిరిగే పలుచని మేఘం. నౌక మీదున్న ఒక పరికరం ఆ ఎలక్ట్రాన్లను నోట్లోకి తీసుకుని, ఏ శక్తితో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టింది. ఆ లెక్కలు ఎవరైనా దించుకోవచ్చు. వాటితో పాటు ఒక వివరణ ఫైలు కూడా వచ్చింది. మేం దాన్ని తెరవలేదు. పెళ్ళికార్డు వెనక దారి పటం గీస్తారు, దాన్ని చూసి పెళ్ళికి పోయినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మా ప్రాజెక్టు శని మీదని తెలిసి అవ్వ భయపడింది. ధర్మపురి పోయి నవగ్రహాల దగ్గర నువ్వులనూనె పోసి వచ్చింది. నౌక పోయి శని మీదే పడి కాలిపోయిందని చెప్పాక ఇంకోసారి పోయి ఇంకో డబ్బా పోసింది.

ప్రాజెక్టులో నా జోడీ సరిహద్దు ఊరైన బోథ్ నుంచి వచ్చినవాడు. పత్తి బస్తాలు మోసి పెరిగిన భుజాలు, ఇంటి మాటల్లో సగం మరాఠీ. వాడు భుజం తడితే రెండు రోజులు నొప్పి ఉండేది, అది ప్రేమగా తట్టినప్పటి సంగతి. వాడికి ఒకే ఒక్క కోరిక ఉండేది. హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో ప్రాజెక్టు అసిస్టెంటు పోస్టు పడింది. దరఖాస్తుకు గైడ్ రాసిన సిఫారసు ఉత్తరం జత చేయాలి. ఊరికే మంచివాడు, తెలివైనవాడు అని కాదు, ఏం పని చేశాడో రాయాలి. ఆ పోస్టు రాకపోతే వాడు బోథ్‌లో మేనమామ పురుగుమందుల దుకాణంలో కూర్చోవాలి. మామ అప్పటికే ఒక తిరిగే కుర్చీ కొని, పైన ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా సిద్ధంగా పెట్టాడు. ఆ కుర్చీ ఫొటో వాడి ఫోన్‌లో ఉండేది. వాడు దాన్ని ఉరికంబం ఫొటోలా చూసేవాడు.

రెండో నెలలో మాకు గుట్ట దొరికింది. గ్రాఫులో, తక్కువ శక్తి ఉండే వైపు, కొన్ని ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, ఎలక్ట్రాన్ల లెక్క ఒక్కసారిగా లేచి గుట్టలా కనిపించింది. ఒక ఫైలులో కాదు, మేం తెరిచిన ప్రతి ఫైలులో. శనికి బాగా దూరంగా, ప్లాస్మా పలుచగా ఉండాలని పుస్తకాలు చెప్పే చోట, చల్లని ఎలక్ట్రాన్లు జాతర జనంలా నిలబడి ఉన్నాయి.

“గిది ఎవ్వరు సూడలే భావూ,” అన్నాడు వాడు చాలా నెమ్మదిగా. “మనమే సూసినం.”

తర్వాత నా భుజం తట్టాడు. రెండు రోజులు నొప్పి.

మేడం కూడా గ్రాఫు చూసి కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. మా డిపార్ట్‌మెంటులో అదే చప్పట్లు. బాగుంది, రాయండి, ఉత్తరం సంగతి నేను చూసుకుంటా అన్నారు. వాడు ఆ సాయంత్రమే హాస్టల్ అందరికీ మిర్చీ బజ్జీలు తినిపించాడు. నేను ఆదివారానికి ఇంటికి పోయాను. ఆ ఆదివారం కాక వచ్చే వారం.

వచ్చాడు. “అన్నా, ఇటు రా,” అన్నాడు. కొట్టేటప్పుడు కూడా అన్నా అనకుండా కొట్టడు, మా ఇంట్లో మర్యాదలు అలాంటివి. మొదటి దెబ్బకు బాపు కళ్ళజోడు పోయి నల్లా దగ్గర పడింది. రెండో దెబ్బకు తల దర్వాజకు తగిలింది, ఆ చప్పుడు పక్కింటివాళ్ళ కుక్కర్ విజిల్‌ను కూడా మింగేసింది. తర్వాత కాక కాలర్ పట్టుకుని గోడకు ఆనించి, ఉన్న మూడు వేళ్ళతో చెంపమీద వరసగా కొట్టాడు. పెదవి చిట్లింది. నేను మధ్యలోకి పోతే మోచేత్తో కడుపులో పొడిచాడు. నేను తులసి గద్దె పక్కన కూర్చుని ఊపిరి ఎటు పోయిందో వెతుక్కున్నాను. ఆఖరుకు స్టీలు చెంబు తీసి విసిరాడు. అది బాపు కనుబొమ్మ మీద తగిలింది, కంటికి వేలెడంత పైన. చెంబు దొర్లుకుంటూ పోయి ఆగేదాకా ఎవరమూ కదల్లేదు. కాక తన చేతిని చూసుకున్నాడు. తర్వాత, “వదినా, అన్నం పెట్టు,” అన్నాడు.

లోపల కాక పులుసు జుర్రుతున్న చప్పుడు వస్తుంటే, నేను నల్లా కింద బాపు మొహం కడిగాను. నీళ్ళు ఎర్రగా, తర్వాత గులాబీగా, తర్వాత మామూలుగా పోయాయి. నాకు కోపం బాపు మీదే వచ్చింది. ఒక్కసారైనా చెయ్యి ఎత్తవచ్చు కదా అన్నాను. ఎన్నేళ్ళు నిలబడతావు అన్నాను. ఆయన ఎప్పుడూ చెప్పని సంగతి ఆ రోజు చెప్పాడు. బహుశా తల దర్వాజకు తగలడం వల్ల.

గనిలో ఎన్ని తూటాలు పెడితే అన్ని మోతలు వినాలి. వినడం, లెక్కపెట్టడం షాట్‌ఫైరర్ పని. ఒక్క మోత తగ్గినా, పేలని తూటా బొగ్గులో దాక్కుని ఉన్నట్టే, ఇక లోపలికి ఎవరినీ పోనివ్వకూడదు. ఇదంతా నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. తెలియనిది ఆ తర్వాతది.

“ఎనిమిది పెట్టిన. ఎనిమిది ఇన్న,” అన్నాడు బాపు, పెదవి మీద తువ్వాలు ఒత్తుకుంటూ. “పక్క గాలరీ సొరంగం ఖాళీగ ఉండె రా. ఏడో దాని సప్పుడు గాడికి పోయి, గోడకు తాకి, మల్ల నా దిక్కే వచ్చింది. నేను గదాన్నే ఎనిమిదోదన్న. తమ్మున్ని పో అన్న.”

తువ్వాలు మడత మార్చి మళ్ళీ ఒత్తుకున్నాడు.

“వచ్చిన సప్పుడు ఎవలిదో జర ఆగి సూసుకోవాలె. నాది నాకే వచ్చింది. నేను లెక్కవెట్టిన.”

ఇలాంటప్పుడు మంచి కొడుకైతే తండ్రి భుజం పట్టుకుంటాడు. నాకు మాత్రం మా గుట్ట గుర్తొచ్చింది. తడి చేతులతోనే ఫోన్ తీసి, ఇంతకాలం తెరవని ఆ వివరణ ఫైలు తెరిచాను. మూడో పేజీలోనే ఉంది. ఎండ తగిలితే నౌక లోహపు ఒంటి మీంచి ఎలక్ట్రాన్లు లేస్తాయి. ఎలక్ట్రాన్లు పోవడంతో నౌకకు ధనావేశం వస్తుంది, దాంతో పోయినవాటిని మళ్ళీ లాక్కుంటుంది. అవి తిరిగొచ్చి దాని పరికరం నోట్లోనే పడతాయి. తక్కువ శక్తి వైపు గుట్టలా కనిపిస్తాయి, జాగ్రత్త.

తేల్చుకోవడానికి దారి ఒకటుంది. నౌక శని నీడలోకి పోయినప్పుడు ఎండ ఉండదు. గుట్ట నిజంగా శనిదైతే నీడలోనూ ఉండాలి. నౌకదైతే మాయం కావాలి. సోమవారం పొద్దున బస్సులో ల్యాపీ ఒళ్ళో పెట్టుకుని నీడ దాటిన ఒక రోజు ఫైలు తెరిచాను. నీడ మొదలైన నిమిషంలో గుట్ట కూలిపోయింది. నీడ దాటగానే మళ్ళీ లేచి నిలబడింది. మేం శని దగ్గర కనుక్కున్నది, అక్కడికి మనం పంపిన డబ్బాను.

చెప్పకుండా ఉండొచ్చు. మేడం చూడలేదు, పరీక్ష చేయడానికి వచ్చేవాళ్ళు చూడరు, ఉత్తరం పోతుంది, కుర్చీ తప్పుతుంది. గనిలోలాగా ఎవరి కన్నూ పోదు. ఈ మాట నాకు నేను మూడుసార్లు చెప్పుకున్నాను. సుల్తానాబాద్ దాటేసరికి నాలుగోసారి చెప్పుకోవాల్సి వచ్చింది. నాలుగుసార్లు చెప్పుకోవాల్సిన మాట మీద నాకే అనుమానం వచ్చింది.

ల్యాబ్‌లో వాడొక్కడే ఉన్నాడు, గ్రాఫుకు రంగులు వేస్తూ. నేను నిలబడే చెప్పాను.

“గా గుట్ట శనిది కాదురా. నౌకదే. దాని ఎలక్ట్రాన్లు దాని నోట్లనే పడ్డయి. మనం గవే లెక్కవెట్టినం.”

వాడు నీడ గ్రాఫు చూశాడు. ల్యాపీ మూత చాలా మెల్లగా వేశాడు.

“నిన్ననే మామకు ఫోన్ చేసిన,” అన్నాడు. “కుర్చీ వాపస్ ఇయ్యమన్న.”

తర్వాత కొట్టాడు.

పత్తి బస్తాలు మోసిన చెయ్యి ఎలా ఉంటుందో నేను అంతవరకు భుజంతోనే తెలుసుకున్నాను. ఈసారి దవడతో తెలుసుకున్నాను. వెనక బెంచీ మీది సోనోమీటర్ మీద పడ్డాను, తీగ తెగి చెవి కింద చారలా కోసింది. లేచి నా రికార్డు బుక్కుతో వాడి ముక్కు మీద కొట్టాను. నాలుగు సెమిస్టర్లలో ఆ రికార్డు నాకు పనికొచ్చింది అప్పుడే. వాడి ముక్కులోంచి రక్తం వచ్చింది. అది చూసి వాడికి ఇంకా కోపం వచ్చి గొంతు పట్టుకున్నాడు. నేను చెయ్యి కొరికాను, పళ్ళు దిగేదాకా. వాడు అరిచి, వదిలి, స్టూలు ఎత్తాడు. ఇనప కాళ్ళ స్టూలు. నేను తల తిప్పాను గానీ పూర్తిగా తిప్పలేదు. పై వరసలో ముందు పన్ను సగం విరిగి నాలుక మీద పడింది. చిన్న రాయి లాగా ఉంది. ఇద్దరం నేలమీద దొర్లుతూ, ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని, తలలు గచ్చుకు కొట్టుకుంటుండగా మేడం వచ్చారు.

అరవలేదు. మమ్మల్ని చూశారు, బెంచీ మీది రక్తం చూశారు.

“కీబోర్డు మీద పడనియ్యకుండ్రి,” అన్నారు.

తర్వాత ఎందుకని అడిగారు. నా నోరు తిరగలేదు. వాడే ల్యాపీ తెరిచి, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, నీడ గ్రాఫు చూపించాడు. మేడం కళ్ళజోడు తీశారు. ఈసారి మళ్ళీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. నేను కూడా అడగలేదు కదా, నీడలో చూశారా అని, అన్నారు తనలో తానే.

ఆ తర్వాత నాలుగు రోజులు వాడు నాతో మాట్లాడలేదు. నేను తప్పని నిరూపించడానికి, నౌక నీడలోకి పోయిన ప్రతి సందర్భం తెచ్చి ఒక్కొక్కటే చూశాడు. ప్రతిసారీ గుట్ట నీడలో చచ్చి ఎండలో లేచింది. నాలుగో రోజు గుట్టను ఎలా తీసేయాలో లెక్క కట్టడం మొదలుపెట్టాడు. తీసేశాక మిగిలింది శనిది. అది పుస్తకాల్లో ఉన్నట్టే ఉంది, కొత్తగా ఏమీ లేదు. అంతకన్నా నిరాశ కలిగించే నిజం నేనింకా చూడలేదు.

వైవాలో బయటినుంచి వచ్చిన పెద్దాయన కొత్తగా ఏం కనుక్కున్నారని అడిగారు. వాడు, చేతి మీద నా పళ్ళ గుర్తులు బల్ల కింద దాచుకుని, ఏం లేదు సార్ అన్నాడు. ఏం లేదని ఎట్ల తెలిసింది అని ఆయన అడిగారు. వాడు ఆగకుండా చెప్పుకుంటూ పోయాడు, అటెండరు తెచ్చిన చాయ్ మీద మీగడ కట్టేదాకా. ఆయన మా గ్రాఫుల కాపీ ఒకటి అడిగి తీసుకున్నారు. నన్ను మాత్రం పన్నుకు ఏమైందని అడిగారు. ప్రాక్టికల్స్ సార్ అన్నాను.

ఇంటికి పోయినప్పుడు బాపుకు నీడ సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

“నీడలకు పోంగనే తెలిసిందంటవ్,” అన్నాడు. “మాకు అంత నీడనే కదరా.”

ఇక్కడ ఏదైనా గొప్ప మాట అనాలని నాకు అనిపించింది. ఈలోపు ఆయన వార్తలు పెట్టమని రిమోట్ అడిగాడు. అదే ఆదివారం కాక కూడా వచ్చాడు. అవ్వ గాజు నెమలిని అల్మారాలో పెట్టింది. కాక నా పన్ను చూసి ఆగిపోయాడు. దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి, ఒంటికంటితో పరీక్షగా చూశాడు. ఎవరు, దేంతో, ఎటువైపునుంచి అని అడిగాడు. చెప్పాను. గట్టోడే అన్నాడు, పనితనం తెలిసినవాడి గొంతుతో. ఆ మాటల్లో పడి బాపును కొట్టడం మరిచిపోయి అన్నం తిని వెళ్ళిపోయాడు. మా ఇంట్లో మార్పు వచ్చిందని నేను పద్నాలుగు రోజులు నమ్మాను. పదిహేనో రోజు చెంబు మళ్ళీ ఎగిరింది.

మేడం ఉత్తరం రాశారు. కొత్తది కనుక్కున్నాడని కాదు. తనకు బాగా నచ్చిన ఫలితాన్ని తన చేత్తోనే చంపగలిగినవాడు, అలాంటివాళ్ళు కొలతల దగ్గర ఉండాలి అని రాశారు. వాడు ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివి, నా దగ్గరికి వచ్చి, పన్ను ఎప్పుడు కట్టించుకుంటావని అడిగాడు. అది క్షమాపణ. నేను వాడి చేతికి టీటీ సూది వేయించుకున్నావా అన్నాను. అది నాది.

ఇద్దరం కలిసే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. డాక్టరు పై అంతస్తులో ఉంటాడు, కింద కొరియర్ ఆఫీసు. దరఖాస్తు, ఉత్తరం కలిపి ఒక కవర్లో పెట్టి, ఎలాగూ వచ్చాం కదా అని నేనే అన్నాను, అక్కడే ఇచ్చేశాం. వాడు రసీదు తీసుకుని చొక్కా జేబులో, గుండె వైపు పెట్టుకున్నాడు. పైన డాక్టరు నా పన్ను అరగదీస్తున్నంతసేపూ వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. రెండు రోజులు నొప్పి.

పన్నెండో రోజు కవరు విప్పకుండానే తిరిగొచ్చింది. అప్పుడు నోటిఫికేషన్ రెండో పేజీ చదివాం. ప్రైవేటు కొరియర్‌లో వచ్చిన దరఖాస్తులు తీసుకోరు, స్పీడ్ పోస్టులోనే పంపాలి. ఆఖరు తేదీ దాటి మూడు రోజులైంది. వాడిప్పుడు బోథ్‌లో, మామ వాపస్ ఇవ్వకుండా ఉంచిన కుర్చీలో కూర్చుంటున్నాడు, దాని ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదట. ఈ నెలలో వాడికి సరిపోయే ఇంకో ఉద్యోగం పడింది, ఈసారి రెండో పేజీ ముందే చదివాం. కరీంనగర్ హెడ్ పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు రెండో నంబరు కౌంటరులో తీసుకుంటారు, జిగురు అక్కడ ఉండదు, కవరు ఇంటి దగ్గరే అంటించుకుని పోవాలి.